బ్యాంకు తాళం, ఇంజనీరు కారు

తాళాలాయన గట్టిగా తుమ్మితే నాలుగు వీధుల అవతల బీరువాలు తెరుచుకుంటాయి. ఆయనకు జలుబు చేసిన ఏడాది బ్యాంకువాళ్ళు లాకర్ల గదికి అదనంగా ఇద్దరిని కాపలా పెట్టుకున్నారు. నమ్మనివాళ్ళు నమ్మకపోతే పోనీ, జలుబు మాత్రం నిజం.

అంతటి మొనగాడికి సొంత తలుపు లేదు. పెళ్ళయినప్పటి నుంచీ అద్దె కొంపలే. అప్పు కట్టలేనివాళ్ళ ఇళ్ళు బ్యాంకు స్వాధీనం చేసుకున్నప్పుడల్లా పాత తాళం ఊడదీసి కొత్తది బిగించే పని ఆయనదే. అలా ఒక రెండు గదుల ఇంటికి తాళం బిగించి వచ్చిన రోజు, అన్నం కలుపుతూ, "ఆ వంటింట్లోకి పొద్దున ఎండ భలే వస్తుందే" అన్నాడు. అంతే, ఆ ఎండ భార్య నెత్తికెక్కింది. ఇల్లు వేలానికి రాగానే ఆమె గాజులు అమ్మిన సొమ్ము, బట్టలు కుట్టి కూడబెట్టిన డబ్బు, ఆయన తాళంచెవులు కోసే యంత్రం తాకట్టు పెట్టి తెచ్చినది, అన్నీ ఊడ్చి నాలుగో వంతు కట్టేశారు. మిగతాది ఇంకో బ్యాంకు అప్పివ్వాలి. ఇవ్వాలంటే వాళ్ళ ఇంజనీరు ఇల్లు లోపలికంటా చూసి విలువ రాసి పంపాలి. ఇవాళ సాయంత్రంలోగా అది చేరకపోతే గడువు దాటిపోతుంది. కట్టింది కాస్తా గంగపాలు.

ఇంజనీరు వచ్చాడు. వేలం వేసిన బ్యాంకు నుంచి తాళంచెవి తేవాల్సిన గుమాస్తా మాత్రం రాలేదు. భార్య గేటు నుంచి వీధి మలుపు దాకా, మలుపు నుంచి గేటు దాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కొంగు చివర మెలిపెట్టి మెలిపెట్టి తాడు చేసింది.

"ఇంకెంతసేపమ్మా? నాకు వేరే పన్లున్నాయి" అన్నాడు ఇంజనీరు.

"మలుపు దగ్గరే ఉన్నాడటండీ."

"ఇందాకా అదే అన్నారు. మలుపులో కాపురం పెట్టాడా ఏంటి?"

ఎదురు కొట్టు కుర్రాడు అరుగు మీద నుంచి కేకేశాడు. "బాబాయ్, నువ్వేసిన తాళమేగా! రెప్పపాటులో తీసి పారెయ్."

తాళాలాయన చెయ్యి సంచీలోకి పోయి, ఖాళీగా బయటికొచ్చింది. "అది బ్యాంకు తాళంరా. డబ్బంతా కట్టేదాకా నాది కాదు. ఇవాళ తీస్తే రేపు నన్నెవడు పిలుస్తాడు?"

"పిలవకపోతే మానె! ఇల్లు పోయాక మీ నిజాయితీ ఎక్కడ ఆరేసుకుంటారు?" అంది భార్య.

ఇంజనీరు విసుక్కుంటూ వెళ్ళి కారు తలుపు లాగాడు. రాలేదు. దిగేటప్పుడు ఫోనులో ఎవరినో తిడుతూ తలుపు విసిరికొట్టాడు కదా, తాళంచెవులు లోపలే వేలాడుతున్నాయి.

వీధంతా తాళాలాయన వైపు తిరిగింది.

"ఇది నా కారేనయ్యా. దీనికేం అభ్యంతరం లేదుగా?"

"అయ్యో, లేదండీ. తీస్తాను."

ఇక చూడాలి ఆ పనితనం! తుమ్ముతో బీరువాలు తెరిచే మనిషి ఆ పాత కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక తీగ దూర్చాడు, తీశాడు, తుడిచాడు. ఇంకో తీగ వంచాడు. మూడో తీగకు నూనె రాశాడు. భార్యకు మొదట ఒళ్ళు మండింది. కాసేపటికి సంగతి అర్థమై, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. మలుపు వంక చూస్తే పిట్ట కూడా లేదు. నవ్వు ఆవిరైపోయింది. మళ్ళీ గేటు, మళ్ళీ మలుపు.

"అయిందా?"

"అవుతోందండీ."

"ఇందాకట్నుంచీ అవుతూనే ఉంది!"

ఎండ గోడల మీదికి ఎగబాకింది. అప్పుడు గుమాస్తా తాళంచెవి ఊపుకుంటూ, రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. సరిగ్గా అదే క్షణంలో కారు టక్కుమంది! ఎలాగూ ఇక్కడే ఉండిపోయాను కదా అని ఇంజనీరు లోపలికెళ్ళి, చూసి, కొలిచి, అక్కడికక్కడే ఫోనులో పంపేశాడు. అప్పు మంజూరైంది. ఇల్లు దక్కింది.

ఒక్క తీగతో ఇంజనీరునూ గడువునూ కట్టిపడేసిన మొగుడని భార్య ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. పక్కనే కూర్చున్న ఆయన మాత్రం తలెత్తకుండానే అంటాడు:

"కట్టిపడేసిందీ లేదు, పాడూ లేదు. చేతులు వణికి తీగ నిలవలేదు. గుమాస్తాను చూశాక వణుకు తగ్గింది, తాళం వచ్చింది."