అల్లుడి పళ్ళెంలో చేప తల

మా అమ్మాయి బెంగాలీ ఇంటి కోడలు. జామాయి షష్ఠి అని వాళ్ళకో పండగ. ఆ రోజు అత్తగారు అల్లుడిని పిలిచి పెద్ద చేప తల వడ్డించాలి. పోయిన ఏడాది నేను బజారు చేప తెచ్చి వండాను. పండక్కి వచ్చిన మా వియ్యపురాలు పళ్ళెంలోకి తొంగిచూసి, "బెయాన్, ఇది చేపా, చేప ఫొటోనా?" అంది. వాళ్ళలో వియ్యపురాలిని బెయాన్ అంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ పేట ఖరిదాలో ఇంటి వెనక తనకో చేపల గుంట ఉందని ఆవిడకు ఎంత గీరో!

గుంట నాకూ ఉంది, మా పేట నిమ్‌పురాలో. మా ఆయన బతికుండగా తవ్వించాడు. వచ్చే పండక్కి అందులోనే రోహూ చేపలు పెంచి ఆ నోరు మూయించాలని పంతం పట్టాను. వానలు పడగానే చేప పిల్లలమ్మే బెంగాలీ దాదా హండీ కుండ ఎత్తుకుని వచ్చాడు. కొన్ని వదిలి చాలన్నాడు. నేను వింటేగా!

"కొసరెయ్యి దాదా! వంకాయలకే కొసరేస్తారు, సేపలకెయ్యవేటి?"

"గుంట చిన్నది మాసీ."

"గుంట కాదు, నీ సెయ్యి సిన్నది. ఎయ్యి!"

తల కొట్టుకుని హండీ వంచేసి పోయాడు.

చలికాలం వెళ్ళినా ఒక్కటీ జానెడు లేదు. తవుడు చల్లితే చాలు, నీళ్ళు ఉడికినట్టయ్యేవి. ఒకదాని నోటిది ఇంకోటి లాక్కునేది. పోనీ అని ఎక్కువ చల్లితే నీళ్ళు కుళ్ళి, గాలి కోసం నోళ్ళు తెరుచుకుని పైకి తేలేవి. రైల్వే క్వార్టరులో ఒక్క గదిలో మా అత్తవారి మందంతా ఉన్న రోజులు గుర్తొచ్చాయి. మాలో మాత్రం ఎవరికి కండ పట్టింది కనక! సగం చేపలు పోవాలి. పారేయడానికి మనసు రాదు.

బెంగాలీలకు చేప శుభం, గుమ్మంలోకి వచ్చిన చేపను తిప్పి పంపరు. బకెట్లకు పసుపు రాసి, బొట్లు పెట్టి, టోటో రిక్షాలో తీసుకెళ్ళి వియ్యపురాలి గుమ్మంలో దించాను.

"ఇన్ని ఎందుకు బెయాన్?"

"సారె! మేం తెలుగోళ్ళం, కొంచెం పంపితే నలుగురూ నవ్వుతారు."

ఆవిడ మురిసిపోయి, శంఖం ఊది మరీ తన గుంటలో వదిలింది. వెనకాల మా అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుంది.

పండగనాడు నా గుంటలో వలకు పడ్డ రోహూని రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. తలకే గిన్నె నిండింది. అల్లుడు దాన్ని జుర్రుకుంటూ, పెళ్ళాం నేర్పిన తెలుగులో, "ఏటెట్టి పెంచినావు అత్తా?" అన్నాడు.

వియ్యపురాలు ఆ తలకేసి చూస్తూ కూర్చుంది. చివరికి గొంతు తగ్గించి అడిగింది.

"నా చేపలు ఈ ఏడు ఎదగలేదు బెయాన్. తవుడు మార్చమంటావా?"

"మార్సు మరి," అని ఆవిడ పళ్ళెంలో ఇంకో ముక్క వేశాను.