గుమ్మడికాయ బూడిద

హనుమాన్ జంక్షన్ దగ్గర పాలీహౌస్ కట్టి కీరా మొదట పండించింది ఇందుమతే. ఆ తర్వాత తోడికోడలు మనోజ్ఞ పక్కనే ఇంకొకటి వేసింది. ఇప్పుడు కాయలు కొనడానికి ఎవరొచ్చినా ముందు మనోజ్ఞ తోటలోకే వెళ్తున్నారు. ఆ కాయల నిగనిగ చూసినప్పుడల్లా ఇందుమతికి కడుపు మండేది. అది కనిపెట్టి మనోజ్ఞ తన పాలీహౌస్ గుమ్మానికి దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ కట్టింది. ఎవరి దిష్టో ఇందుమతికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఒక ఉదయం ఇందుమతి మనోజ్ఞ తోటలోకి వెళ్ళి చూస్తే, గుమ్మం దగ్గరి ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలున్నాయి.

"గుమ్మడికాయ మీది బూడిద రాలిందక్కా," అని నవ్వింది మనోజ్ఞ.

అది బూడిద తెగులని ఇందుమతి చూడగానే పోల్చుకుంది. నోరు మూసుకుంటే చాలు, తోటంతా తెల్లబడుతుంది. ఆ ఊహకే ప్రాణం హాయిగా అనిపించి, వెళ్ళిపోదామని గుమ్మం దాకా నడిచింది. నెత్తిమీద గుమ్మడికాయ ఊగుతోంది. తోట పోతే ఊరంతా తన కన్నే తగిలిందంటుంది!

గిరుక్కున వెనక్కి తిరిగింది.

"బూడిదా లేదు, నీ మొహమూ లేదు. తెగులే అది! మచ్చలున్న ఆకులు కోసి, సంచిలో వేసి, దూరంగా తగలెయ్యి. పక్క పరదాలు ఎత్తు, గాలాడాలి. పొద్దు వాలాక గంధకం నీళ్ళలో కలిపి కొట్టు. ఎండలో కొడితే ఆకు మాడిపోద్ది."

మనోజ్ఞ అలాగే చేసింది. కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి.

"అంతా ఆ గుమ్మడికాయ చలవేనండీ," అని వచ్చినవాళ్ళకు చెబుతోంది.

పక్క పాలీహౌస్‌లో కాయలు కోస్తున్న ఇందుమతి, ఆ మాట విని పిందెను కూడా పుటుక్కున తుంచేసింది.