సూరమ్మ పాదాలకు రాయని నూనె

"ఊరి పిల్లలందరికీ గంటేసి సేపు నూనె రాస్తావు. నా కాళ్ళకి నేవేటప్పా నీ సేతులు?"

"డాక్టరమ్మ ముట్టొద్దన్నాది. నన్నేటి సెయ్యమంటావు?"

"నాతో అననేదే."

"నువ్వు మత్తులో ఉన్నావు. నీకేటి తెలుస్తాది?"

"నూనె అయిపోతాదని నీ ఏడుపు. నీ పిసినారితనం నాకు తెల్దేటి?"

అడిగింది నా తోటికోడలు సూరమ్మ. అబద్ధమాడింది నేను. పద్నాలుగేళ్ళు దాటింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మోశాను. ఇప్పుడు నూనె గిన్నె ఎత్తలేని వయసు వచ్చింది, ఈ అబద్ధాన్ని కూడా ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ముట్టొద్దని ఎవరూ అనలేదు. సూరమ్మకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక ఎక్కించిన మందులకు అరికాళ్ళు మండిపోయేవి, కన్ను మూతపడేది కాదు. ఆసుపత్రికి తోడు వెళ్ళింది నేనే. అక్కడ ఒక నర్సు అరచేతిలో రెండు చుక్కల నూనె వేసుకుని ఆమె పాదాలు మెల్లగా నిమిరింది. పిసకొద్దని, ఆపరేషన్ చేసిన వైపు ముట్టొద్దని, ఇలా చేస్తే జబ్బు తగ్గదు గాని మనిషికి కాస్త నిద్ర పడుతుందని నాకు చెప్పింది. ఆమె చెబుతుండగానే సూరమ్మ నిద్రపోయింది. అది నేను కళ్ళారా చూశాను.

ఊరికి వచ్చాక భయం పట్టుకుంది. కోటబొమ్మాళి చుట్టుపక్కల బాలింతలు నూనె రాయించడానికి బిడ్డలను నా దగ్గరికే తెచ్చేవారు. ఆ జబ్బు అంటుకుంటుందని ఊళ్ళో అనుకునేవారు. అంటుకోదని నర్సు చెప్పగా నాకు తెలుసు, ఊరికి తెలియదు. క్యాన్సర్ మనిషిని పట్టిన చేతుల్లో బిడ్డనెవరు పెడతారు? మూడో తరగతితో బడి మానేసిన నాకు ఊళ్ళో ఉన్న మర్యాదంతా ఆ చేతులదే. అది పోతుందనుకున్నాను. సరే, ఊరికి భయపడ్డాను. మరి తలుపు వేసుకుని రాసి ఉండొచ్చు కదా? ఎవరికి తెలిసేది? అయినా రాయలేదు.

నా మాట నమ్మి సూరమ్మ కూతురు కూడా తల్లిని ముట్టుకోవడానికి జంకింది. సూరమ్మ ఇంకో రెండు నెలలు బతికింది. నేను నూనె దాచుకున్నాననుకునే పోయింది. అనుకోనిచ్చాను. నిజం కన్నా అదే నాకు తేలికగా ఉండింది.

క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేదు. చెప్పాను, అంతే. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఆ గొడవ జరిగిన మర్నాడు పొద్దున్నే పక్కవీధి బాలింత బిడ్డను తెచ్చింది. నువ్వులనూనె వేడి చేసి, పెరట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని, మాడు నుంచి అరికాళ్ళ దాకా గంటసేపు రాశాను. బిడ్డ నిద్రపోయింది. ఎదురుగా వసారాలో మంచం మీద నుంచి సూరమ్మ చూస్తూనే ఉంది. దుప్పటి కిందికి లాక్కుని తన పాదాలు కప్పుకుంది.