ఉదయశ్రీ దయ్యానికి మూడు స్టార్లు

భద్రాచలం డిపోలో కండక్టరు ఉదయశ్రీ రాసిన మొదటి నవల ఫోన్ యాప్‌లోకెక్కి పదకొండు రోజులైంది. కథేమిటంటే, గోదావరి వరదలో పోయిన పడవవాడు రమణ దయ్యమై, ఏడేళ్లు తిండీ తిప్పలూ లేక అడవిలో తిరిగి తిరిగి, చివరికి ఒక నర్సును ప్రేమిస్తాడు. ముప్పై నాలుగు రివ్యూలొచ్చాయి. అన్నీ ఐదు స్టార్లే. అన్నీ చుట్టాలవీ, డిపోవాళ్లవీ. మధిర నుంచి బుల్లెమ్మ పిన్ని ‘సూపర్ తల్లీ, దేవుడి పాట చాలా బాగుంది’ అని రాసింది. నవల్లో దేవుడూ లేడు, పాటా లేదు.

అయినా ఉదయశ్రీ ప్రతి రివ్యూనూ వాట్సాప్ గ్రూపుల్లో పెడుతూనే ఉంది. తన డప్పు తాను కొట్టుకోకపోతే ఇంకెవరు కొడతారు? లోపల మాత్రం ఒకటే దిగులు. రెండో భాగం రాస్తానని ఊరంతా చాటేసింది. మొదటిది ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒక్కరైనా చదివారో లేదో తెలియక, ఒక్క వాక్యమూ ముందుకు పోవడం లేదు. ఒక్కరు చాలు, తిట్టినా సరే. మణుగూరు బస్సు ఆగిన ప్రతి స్టేజీలో ఫోను తీసి చూస్తోంది.

“టికెట్లు కొట్టమ్మా ముందుగాల,” అనేవాడు డ్రైవర్ పగిడయ్య. “నీ దయ్యం యాడికి పోదు.”

గురువారం ముప్పై ఐదోది వచ్చింది. మూడు స్టార్లు. కింద కళావతి అన్న పేరు.

‘మా అవ్వకు రోజూ చదివి వినిపించిన. మస్తు ఇష్టపడి ఇన్నది. కానీ ఏడేండ్లు ఆయనకు ఇంటోళ్లు ఏం పెట్టలేదా అని అడుగుతున్నది. మా దిక్కు చచ్చిపోయినోళ్లకు పెట్టకుండ కొత్త చిక్కుడుకాయ గూడ ముట్టం. గంత మంచోణ్ణి ఆకలితోటి తిప్పుడు మంచిగ లేదు. అందుకే రెండు స్టార్లు తగ్గించినం.’

ఉదయశ్రీ నాలుగుసార్లు చదివింది. పత్తి చేల మధ్య పెరిగిన ఆమెకు తెలిసిన దయ్యాలు చింతచెట్టెక్కి జడిపించేవే. వాటికీ ఒక ఇల్లుంటుందనీ, ఆ ఇంట్లో వాటికి వడ్డిస్తారనీ ఎన్నడూ తోచలేదు. తొమ్మిదేళ్లుగా ఇలా పెద్దలకు పెట్టుకునే అడవి ఊళ్లవాళ్లనే బస్సులో ఎక్కించుకు తిరుగుతూ ఒక్క మాట అడగలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు కన్నా సంతోషం ఎక్కువైంది. ఎవరో చదివారు, రమణ ఆకలికి బాధపడ్డారు. ఆ రివ్యూనూ గ్రూపులో పెట్టేసింది. నిమిషంలో పిన్ని ఫోను.

“మూడేంటే? పరువు పోద్ది, తీసెయ్.”

“ఇదొక్కటే ఉంచుతా పిన్నీ, కావాలంటే మిగతావన్నీ తీసేస్తా,” అంది ఉదయశ్రీ. పిన్ని రెండు రోజులు మాట్లాడలేదు.

మరుసటి వారం అడవి దారి స్టేజీలో జంపక్క బస్సెక్కింది. నెలకు రెండుసార్లు చీపుళ్ల కట్టతో సంతకు పోయే ముసలమ్మే. ఈసారి వెంట కాలేజీ చదివే మనవరాలుంది.

“మేడం, మూడు స్టార్లిచ్చింది నేనే,” అంది ఆ పిల్ల బెరుగ్గా. “అవ్వ ఈమెనే.”

ఉదయశ్రీ టికెట్ మిషన్ పక్కన పెట్టి జంపక్క దగ్గర కూర్చుంది. “తప్పయింది అవ్వా. రెండో భాగంలో ఇంటోళ్లతో పెట్టిస్తా.”

“ఇంకెందుకు బిడ్డా?” అంది జంపక్క. “మొన్న కొత్త చిక్కుడు పండుగ చేసినం గద. మా పెద్దోళ్లకు పెట్టేటప్పుడు పక్కన ఆయనకూ ఒక ఆకు ఏసినం. రమణా, రా అని పిలిచినం. ఇగ తిరగడు.”

ఉదయశ్రీ ఊహలో పుట్టినవాడికి ఎవరో అన్నం పెట్టారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

అద్దంలోంచి అంతా చూస్తున్న పగిడయ్య ఊరుకోలేదు. “మరి రెండో భాగమెట్ల? హీరో పోయి జంపక్కింట్ల కూసునె.”

జంపక్క ఉదయశ్రీ మోకాలి మీద చెయ్యి వేసింది.

“ఆ నర్సు పిల్లను గూడ మా ఇంటికే తోలు బిడ్డా. జాగ ఉన్నది.”