పెద్దకర్మలో నా తీన్మార్

ఒక పెద్దమనిషి తల్లి పెద్దకర్మ నాడు, ఆయన ఇంట్లోనే, నలభై మంది బంధువుల ఎదుట నేను తీన్మార్ ఆడాను. ఆడుతున్నంతసేపూ అదే హాల్లో, చాప మీద, చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చునే ఉన్నాను. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని మీరు అడగొచ్చు. కుదిరాయి మహాప్రభో! నారాయణగూడ నడిబొడ్డున నా పరువు పోయిన వైనం చెబుతాను, హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇది రాస్తుంటే ఇప్పటికీ అరచేతులకు చెమటలు పడుతున్నాయి.

అది 2012. అశోక్ నగర్‌లో శ్రీకాంత్ అనే దోస్తుతో కలిసి ఒక గది కిరాయికి తీసుకుని గ్రూప్-వన్‌కు చదువుతున్నాను. రెండుసార్లు తప్పి, మూడోసారి ఇంటర్వ్యూ దాకా వచ్చాను. "ఇదే ఆఖరు. రాకపోతే వచ్చి దుకాణంల కూసో" అని నాన్న తేల్చి చెప్పేశాడు. ఇంటర్వ్యూ అనే మాట వింటేనే నాకు నోరు ఎండిపోయేది. నన్ను గట్టెక్కించగల మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన నారాయణగూడలో ఉండే ప్రసాదరావు గారు, రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్. ఆదివారం ఆదివారం ఇంటికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసేవారు. ఆయనకు కోపం తెప్పించామా, నా బతుకు దుకాణమే.

సార్ మాకు పరిచయమైంది ఒక ఫోరంలో. ఫోరం అంటే ఇప్పటి వాట్సాప్ గ్రూపులకు తాతగారి లాంటిది. పరీక్షలు రాసేవాళ్ళంతా అక్కడ చేరి సందేహాలు అడిగేవాళ్ళు, సార్ ఓపిగ్గా జవాబులు రాసేవారు. ఇంటర్వ్యూ ఇంకా నెల రోజులుందనగా సార్ వాళ్ళ అమ్మగారు తొంభై ఏళ్ళ వయసులో పోయారు. ఫోరంలో సంతాపాల పేజీ మొదలైంది. అందరూ తలా రెండు ముక్కలు రాశారు. నేను రెండు ముక్కలతో ఊరుకుంటానా? ఆవిడ చేతి కాఫీ ఒకే ఒక్కసారి తాగిన అర్హతతో ఏరులు పారేలా ఏడ్చాను. ఒక్కో పోస్టుకు ఇన్ని అక్షరాలని పరిమితి ఉండేది. నా దుఃఖం అందులో పట్టక మూడు పోస్టులైంది.

ఆ వారమే బాగ్ లింగంపల్లిలో మా క్లాస్‌మేట్ పెళ్ళి బరాత్. బ్యాండు మోగగానే నాకు ఒళ్ళు తెలియలేదు. నోట్లో రుమాలు కరుచుకుని, చొక్కా గుండీలు విప్పుకుని, రోడ్డు మీద దుమ్ము లేచేలా ఆడాను. శ్రీకాంత్ ఫోన్లో తీశాడు. ఫేస్‌బుక్‌లో పెడితే పొగడ్తలే పొగడ్తలు. ఆ పొగడ్తలే నా కొంప ముంచాయి.

ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఫోరంలో ఫొటోలు, వీడియోలు అతికించుకునే వసతి కొత్తగా ఇచ్చారు. దాంతోపాటు 'సంతకం' అని ఒక డబ్బా కూడా ఉండేది. అందులో ఏది పెడితే అది మనం రాసే ప్రతి పోస్టు అడుగునా వస్తుంది. బుద్ధిమంతులు అందులో మంచి మాటలు పెట్టుకున్నారు. నేను చిక్కడపల్లిలో ఒక నెట్ సెంటర్లో కూర్చుని నా డాన్సు పెట్టాను.

"పేజీ తెరువంగనే దానంతటదే మోగాలె. ఎవరో కోడ్ రాసిన్రు, నేను కొట్టుకొచ్చిన" అన్నాను గొప్పగా.

"గిదంత అవసరమా ర? పరేషాన్ అయితవ్ చూడు" అన్నాడు శ్రీకాంత్.

"నీకు జలన్ ర, ఓర్వలేవు."

నెట్ సెంటర్లో స్పీకర్లు లేవు, కాబట్టి మోత వినబడలేదు. ఇకముందు రాయబోయే పోస్టుల కిందే అది వస్తుందని నా నమ్మకం. అప్పటికే నేను రాసి పారేసిన నాలుగు వందల పన్నెండు పోస్టుల కిందికీ పాకుతుందని నాకెవరు చెప్పారు?

పెద్దకర్మ నాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని సార్ ఇంటికి వెళ్ళాను. హాలు నిండా చుట్టాలు. సార్ మేనల్లుడు కిశోర్ లాప్‌టాప్‌కు పెద్ద స్పీకర్లు తగిలించి ఉన్నాడు. దేనికంటే, పొద్దున్నుంచీ సన్నగా భక్తి పాటలు పెడుతున్నాడట.

"మావయ్యగారి శిష్యులు అమ్మమ్మ గురించి చాలా చక్కగా రాశారండీ. అందరికీ చదివి వినిపిస్తాను" అన్నాడు.

నా గుండె పొంగింది. నా మూడు పోస్టులు చదివితే సార్ కరిగిపోవడం ఖాయం. అందరికీ కనబడేలా కాస్త ముందుకు జరిగి కూర్చున్నాను.

కిశోర్ పేజీ తెరిచాడు. ధన్ ధనాధన్ ధన్!

ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పక్కింటి యాదగిరి గారు లేచి బాల్కనీలోకి ఉరికి కింద రోడ్డు మీదికి కేకేశారు: "ఏయ్, ఎవర్ది బరాత్? ఈడ కార్యం అయితున్నది, జర బ్యాండు బంద్ చేయున్రి!"

కింద బరాత్ లేదు. కొత్తిమీర అమ్మే ఆవిడ ఒక్కతే తలెత్తి చూసిందట. ఈలోగా రెండో బ్యాండు మొదలైంది. ఆ వెంటనే మూడోది. మూడు పోస్టులు, మూడు వీడియోలు, ఒకదాని వెనక ఒకటి. ముగ్గురు నేనులు తెర మీద రుమాళ్ళు కరుచుకుని ఎగురుతున్నారు. పైన మాత్రం "ఆ మాతృమూర్తి లేని లోటు తీర్చలేనిది" అని నా మాటలే ఉన్నాయి.

కిశోర్ ఒకదాన్ని ఆపితే ఇంకొకటి అందుకుంటోంది. "ఇదెలా ఆపాలండీ?" అని ఏడుపు గొంతుతో అరిచాడు. ఎలాగో నాకు తెలుసు. కానీ లేస్తే అది నేనేనని తెలిసిపోతుంది. కూర్చుంటే సార్ అమ్మగారి పెద్దకర్మ బరాత్ అయిపోతుంది. ఈ లోపల ఒక చిన్నపిల్ల తెరనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఈ అంకులే!" అని వేలు చూపించింది.

నలభై తలలు నా వైపు తిరిగాయి. లేచి వెళ్ళి స్పీకరు తీగ పీకేశాను.

"సతీష్, అది నువ్వేనా?" అన్నారు సార్.

"సంతకం సార్... పొరపాటున సార్..."

"భోజనం చేసి వెళ్ళు."

అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది. తలెత్తకుండా విస్తట్లో వేసిన గారెలన్నీ తినేశాను. గదికి వెళ్తూ దారిలోనే నెట్ సెంటర్లో ఆగి ఆ వీడియో తీసేశాను. ఒక్క నొక్కుతో నాలుగు వందల పన్నెండు చోట్లా మాయమైంది. సార్ నుంచి మాత్రం నాలుగు రోజులు ఫోన్ లేదు. నేను పుస్తకం తెరిస్తే అక్షరాల బదులు మా నాన్న దుకాణం కనబడుతోంది. ఐదో రోజు సార్ పిలిచారు. నేను కుర్చీ అంచున కూర్చోగానే ప్రశ్న వేశారు.

"ఒక అధికారి తన గొప్ప కోసం నలుగురి దుఃఖాన్ని అల్లరిపాలు చేశాడు. మీరు ఆయన పై అధికారి. ఏం చేస్తారు?"

మెత్తగా చెబితే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టవుతుంది. అందుకని గొంతు సవరించుకుని, "అతను తిరిగిన ప్రతి చోటికీ అతన్నే పంపి, రాతపూర్వకంగా క్షమాపణ చెప్పిస్తాను సార్!" అన్నాను.

"మినహాయింపులు?"

"ఒక్కటి కూడా ఉండదు సార్!"

తడబడకుండా నేను చెప్పిన మొదటి జవాబు అదే. సార్ తల ఊపారు. "జవాబు బాగుంది. ఫోరంలో నీ పోస్టులు ఎన్ని?"

"నాలుగు వందల పన్నెండు సార్."

"అమలు చెయ్యి. అయ్యాక ఆదివారం రా, మిగతా ప్రశ్నలు చూద్దాం."

ఆ 'ఆదివారం రా' అన్న మాటకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీడియో ఎప్పుడో తీసేశానని చెప్పే ధైర్యం లేక, మూడు రోజులు నెట్ సెంటర్లో కూర్చుని ప్రతి పేజీకీ వెళ్ళి "నా వల్ల జరిగిన అసౌకర్యానికి క్షమించండి" అని రాశాను. ఫోరంలో ఎక్కడ కొత్త ముక్క పడితే ఆ పేజీ ఎగిరి పైకి వస్తుంది. ఏళ్ళ నాటి పేజీలన్నీ లేచి వచ్చి కూర్చున్నాయి. ఇంటర్వ్యూ తేదీల ప్రకటన ఎక్కడో అడుక్కి పోయింది. సంతాపాల పేజీ మళ్ళీ పైకి రావడంతో కొత్తవాళ్ళు సార్‌కు ఇంకోసారి సంతాపాలు తెలిపారు.

నాలుగో రోజు ఫోరం నడిపే అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, నువ్వు డాన్సు చేసినందుకు ఎవ్వరు ఏమనలే. నీ సారీలతోటే సచ్చిపోతున్నం. గందుకే నిన్ను జిందగీల రాకుండ బంద్ చేస్తున్న."

సార్ దగ్గర ఆదివారాలు మాత్రం ఆగలేదు; ఆ ఏడు నాకు ఉద్యోగం వచ్చింది, దుకాణం తప్పింది. కాబట్టి గారెలు వడ్డించిన ఆ విస్తరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎవరి పేజీలోనూ, దానంతటదే మోగేది ఏదీ అతికించను. ఒకవేళ అతికించినా, చచ్చినా క్షమాపణ చెప్పను.