అన్నీ కుడిచేతులే

ఎవరైనా నన్ను నిక్కచ్చి మనిషి అంటే ఏళ్లుగా మాట మార్చేస్తున్నాను. ఆ పేరు వెనక ఏముందో నా ఒక్కడికే తెలుసు. ఈ రోజు మీకు చెబుతున్నాను.

నేను ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో లెక్కల బోధన నేర్పేవాణ్ణి. చివరి పరీక్షకు శిక్షణలో ఉన్నవాళ్లు బడికెళ్లి పిల్లలకు పాఠం చెప్పాలి. మేం వెనక కూర్చుని మార్కులు వేస్తాం. అందులో ఒక పాత మోసం ఉంది. ముందురోజే ఆ పిల్లలకు జవాబులు నేర్పేస్తారు. ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమచెయ్యి. కుడిచెయ్యి ఎత్తినవాళ్లనే లేపుతారు. నాకెలా తెలుసు? నేను అలాగే పాసయ్యాను.

పైడమ్మ పెళ్లయి, పిల్లలు పెద్దయ్యాక శిక్షణకు వచ్చిన మనిషి. సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోతోంది. ఆ ఏడు డీఎస్సీయే ఆమెకు ఆఖరిదని మాకందరికీ తెలుసు.

రాజాం దగ్గర ఒక బడిలో ఏడో తరగతికి త్రిభుజం కోణాలు చెప్పింది. పిల్లలు తలో తీరు త్రిభుజం కత్తిరించి, మూలలు చింపి, పక్కపక్కన పేర్చారు. ఎవరిది చూసినా సరళరేఖే. ఆమె ప్రశ్న అడిగితే గదినిండా చేతులు లేచాయి. ఎడమచెయ్యి కోసం వెతికాను. ఒక్కటీ లేదు. అంటే ఒక్కరినీ వదలకుండా నేర్పేసిందన్నమాట! నేనే లేచి, మరి నాలుగు భుజాలుంటే ఎంత అన్నాను. వెనకబెంచీ పిల్ల, "మద్దిన గీత గీసేస్తే రెండు త్రిభుజాలు కదండి, రెట్టింపు," అంది. మెచ్చుకోవలసింది. ఇదీ నేర్పిందే అనుకున్నాను.

పైడమ్మను వరండాలోకి పిలిచాను.

"ఏటమ్మా, అందరికీ ఒకేపాలి వచ్చేసినాదేటి? నిన్న ఎంతసేపు బట్టీ పట్టించినావు?"

"నేదు సార్. ఈ పిల్లల్ని నాను ఈ పొద్దున్నే సూసినాను. కావాలంటే అడగండి."

"ఎవులికి సెప్తావు!"

నా తోటి పరీక్షకుడు నవ్వాడు. "మా మాస్టారి దగ్గర నీ పప్పులుడకవమ్మా, ఎల్లు."

ఫెయిల్ చేశాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ బడి లెక్కల మాస్టారు మాటవరసకి అన్నాడు. ఆమెకు ఇవ్వాల్సిన సెక్షన్‌ను కంటి పరీక్షలకు తీసుకుపోయారట. బెల్లు కొట్టాక ఇంకో సెక్షన్ ఇచ్చాడట. "ముక్కూ మొహం తెలీని పిల్లలతో ఎంత బాగా చెప్పిందండీ!"

మార్కుల కవరు నా దగ్గరే ఉంది. ఇంకా అంటించలేదు.

ఎందుకు దిద్దలేదు? తోటివాడి ముందు చులకనైపోతాననా? అదీ ఉంది. కానీ నా మీద నాకు ఇంకో అనుమానం. మోసం లేకుండా కూడా పాఠం అలా చెప్పొచ్చని ఒప్పుకుంటే, ఒకప్పుడు నేను చేసినదానికి నాకు సాకంటూ మిగలదు. కవరు అంటించేశాను.

మరుసటేడు ఆమె పాసయింది. ఈలోగా డీఎస్సీ అయిపోయింది.

ఒకసారి అరసవల్లిలో ఎదురై, "బాగున్నారా సార్?" అంది. ఆ పలకరింపులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. నేనే తలూపేసి దర్శనం వరసలో కలిసిపోయాను.

ఇది రాయడం కూడా మంచివాడినని అనిపించుకోడానికేనేమో. కావచ్చు. ఆమె క్షమించాలని అడగను. ఒక్కసారి తిన్నగా అననివ్వండి, చాలు. పైడమ్మ ఏ మోసమూ చెయ్యలేదు. కవరు అంటించే ముందే అది నాకు తెలుసు.