నదికి ముందు వాటా

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో మా తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కలిసి భోంచేస్తాం. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో గిన్నె వస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట ఒక ఆదివారం మా ఇంటి నుంచి సాల్మన్ పులుసు వెళ్ళింది. స్టోర్‌లో దొరికే పెంపకం చేప. చర్చి కమిటీలో పెద్దమనిషి ఒకాయన, మా గోదావరి పక్కవాడే, రెండు ముక్కలు వేసుకుని, ఒకటి తిని, రెండోది పళ్ళెం అంచుకి నెట్టేశారు.

"పులుసు బాగుంది బ్రదర్," అన్నారు. "చేపే ఇంకా రాలేదు."

మా బల్ల దగ్గరవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రెండో ముక్క చెత్తబుట్టలోకి వెళ్ళడం కూడా చూశాను.

ఆయన మాట వెనక ఉన్నది పులస. సముద్రంలో ఉన్నన్నాళ్ళు ఆ చేప విలస. దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. వరద రోజుల్లో ఎర్రనీటికి ఎదురీది గోదావరి ఎక్కిందంటే అదే చేప పులస అవుతుంది, ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. నది ఎంత ఎక్కితే అంత రుచి. మా వైపు పుట్టినవాడికి ఇది ఒకరు నేర్పే సంగతి కాదు. విలసని పులస అని అంటగట్టే బేరగాళ్ళని కనిపెట్టడం కూడా అక్కడే వస్తుంది.

నది ఎక్కే చేప అమెరికాలోనూ ఉందని నాకు తెలుసు. అడవి సాల్మన్. దాన్ని తెచ్చి ఆయన పళ్ళెంలో వేయాలని ఆ రోజే అనుకున్నాను. మా ఆవిడ "ఆయన అన్న మాట ఆయనకే గుర్తుండదండీ" అంది. నాకు గుర్తుంది కదా, చాలదా?

వెతగ్గా వెతగ్గా పోయినేడాది అలాస్కాలో ఒక జంట దొరికారు. అరవై దాటినవాళ్ళు. ఒకటే పడవ, ఇద్దరే మనుషులు. పట్టినదంతా ఏటేటా క్యానరీకి, అంటే చేపని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీకి, ఇచ్చేవాళ్ళు. అంతకుముందు ఏడాది క్యానరీలు ధర దాదాపు సగానికి దించేశాయి. వాళ్ళిద్దరిలో ఆమె మొదటి మెయిల్‌లోనే రాసింది: "కొంత చేప మేమే నేరుగా అమ్ముకోలేకపోతే ఇదే మా ఆఖరి సీజన్. పడవా పర్మిట్టూ అమ్మేస్తాం."

నేను వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ఆష్‌బర్న్ చర్చి, జెర్సీ సిటీలో తెలిసినవాళ్ళు, అల్ఫారెట్టాలో మా ఆవిడ బంధువులు, అందరికీ. "అమెరికా పులస. నది ఎదురెక్కిన చేప మాత్రమే. సముద్రం చేప అయితే తిరిగి ఇచ్చేయండి." నూట నలభై చేపల పెట్టెలకి పేర్లు వచ్చాయి. అన్ని పెట్టెలు పోతే పడవ అమ్మక్కర్లేదని ఆమె రాసింది.

ఆర్డర్ ఖాయం చేస్తూ నేను ఒక్క షరతు పెట్టాను. నదిలో వీలైనంత పైకి ఎక్కాక పట్టిన చేపే పంపాలి.

జవాబు ఒక్క వాక్యం. "నది ఎక్కిన చేప నీకొద్దు."

నాకేం కావాలో ఆవిడ చెబుతోంది. మూడు మెయిళ్ళు రాశాను, ఒకదానికంటే ఒకటి పొడుగు. మా ఊళ్ళో ఇలాంటి బేరగాళ్ళని చిన్నప్పుడే చూశానని కూడా రాశాను. దానికి ఆమె, "నమ్మకం లేకపోతే వచ్చి చూడు. మంచం ఉంది," అంది.

నాకు సెలవులు ఉన్నాయి. సూట్‌కేసులో చింతపండు, కారం, ధనియాలపొడి, ఆవకాయ సీసా పెట్టుకుని, మూడు విమానాలు మారి జులై మొదట్లో వెళ్ళాను. మూడోది మా కార్ కన్నా కొంచెం పెద్దది. నన్ను బరువు తూచి ఎక్కించారు, అందరి ముందూ.

ఆ ఊరికి రోడ్డు లేదు. నది అఖాతంలో కలిసే చోట బురద ఒడ్డు, క్యానరీ రేకుల షెడ్లు, వాటి ముందు వరసగా పడవలు. ఒక్కటీ కదలట్లేదు. సీజన్ అన్నారు, చేప వచ్చిందన్నారు, నీళ్ళలో ఎగిరిపడుతుంటే నా కళ్ళతో చూశాను. ఒక్కరూ వల వేయట్లేదు. అలా మూడు రోజులు.

"ఎందుకు కూర్చున్నారు?" అని ఆమె భర్తని అడిగాను. ఆయన పడవ మీద వల సర్దుకుంటున్నాడు.

"లెక్క ఇంకా అవలేదు."

"ఏం లెక్క?"

"నది లెక్క. ముందు దాని వాటా దానికి వెళ్ళాలి."

నాకు అర్థం కాలేదని చూసి, నాలుగో రోజు పొద్దున ఆమె నన్ను చిన్న బోటులో నది పైకి తీసుకెళ్ళింది. రెండు గంటల ప్రయాణం. అక్కడ ఒడ్డున ఇనప గొట్టాలతో కట్టిన మంచె ఉంది, మా పొలాల్లో పిట్టల్ని తోలే మంచె లాగే. దాని మీద ఒక నడివయసు మనిషి నిలబడి నీళ్ళలోకి చూస్తోంది. రాష్ట్రం పెట్టిన ఉద్యోగి. చేతిలో చిన్న మీట, చేప దాటితే ఒక నొక్కు. గంటకి పది నిమిషాలు ఈ ఒడ్డున, పది నిమిషాలు ఆ ఒడ్డున. చేప కనపడేలా నది అడుగున తెల్ల రేకులు పరిచారు.

నన్ను మంచె ఎక్కనిచ్చింది. మాట్లాడొద్దంది.

మొదట నాకు నీళ్ళే కనిపించాయి. తర్వాత తెల్ల రేకు మీద ఒక నీడ. వెనకే ఇంకోటి. ఆ వెనక అవి విడివిడి నీడలు కావు, ఒక ముదురు పట్టీ ఒడ్డు వెంట ఆగకుండా పైకి పోతోంది. నది కిందకి పోతుంటే నదిలో ఇంకో నది పైకి పోతున్నట్టుంది. చప్పుడు లేదు. ఏ చేపా పక్కకి తిరగలేదు. అవి పుట్టిన వాగు దగ్గరికే తిరిగి పోతున్నాయట, సముద్రంలో రెండు మూడేళ్ళు తిరిగి వచ్చి. మాట్లాడొద్దన్న మాటని చివరిదాకా పాటించాను. మా ఆవిడ ఉండి ఉంటే తేదీ రాసుకునేది.

పది నిమిషాలయ్యాక మంచె మీద మనిషి కాగితంలో అంకె వేసి రేడియోలో చెప్పింది. ఆ అంకెల మీదే కింద ఊళ్ళో పడవలు ఆగి ఉన్నాయి. గుడ్లు పెట్టడానికి కావలసినన్ని చేపలు పైకి దాటాయని తేలేదాకా వల వేస్తే నేరం. క్యానరీ షెడ్లు, విమానాల నిండా వచ్చిన కూలీలు, ఐస్, డీజిల్, బ్యాంకు అప్పులు, అన్నీ ఈ మంచె మీద ఒక మనిషి కళ్ళ కింద ఆగి ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. నేను తప్పు చూపిస్తే రిలీజ్ ఆపమని ఎన్నిసార్లు చెప్పానో, ఎన్నిసార్లు ఆపలేదో నా దగ్గర లిస్టు ఉంది. ఇక్కడ ఒక్క మనిషి "ఇంకా కాలేదు" అంటే అఖాతం మొత్తం ఆగుతుంది.

మర్నాడు మధ్యాహ్నం రేడియోలో చెప్పారు, వల వేయొచ్చని. పడవలన్నీ ఒక్కసారి బయల్దేరాయి. పొడవు ముప్పై రెండు అడుగులు దాటకూడదని చట్టం. అందుకని డబ్బున్నవాళ్ళు పడవని వెడల్పు చేసుకుంటారు, పళ్ళెంలా తయారైన పడవలు కూడా చూశాను. కొత్తవాడు దిగాలంటే ఎవరో ఒకరు తప్పుకుని పర్మిట్ అమ్మాలి. ఉన్నవే పర్మిట్లు.

వల నీళ్ళలో పడిన నిమిషానికే దాన్ని తేల్చి ఉంచే బెండ్లు మునగడం మొదలైంది. వల పొడుగునా నీళ్ళు ఉడికినట్టు లేచాయి. ఆమె, ఆయన, ఇద్దరూ అరవై దాటినవాళ్ళు, వంగి చేపని వలలోంచి విడిపించి, మొప్ప దగ్గర కోసి నెత్తురు తీసి, ఐసునీళ్ళలో వేస్తూనే ఉన్నారు. వెండి చేప, వీపు నీలం. నేను మూలన నిలబడి చూశాను. పని చెప్పమని అడిగితే, "తడవకుండా ఉండు చాలు," అన్నాడాయన. అదీ గుర్తుంది.

సాయంత్రం క్యానరీ పంపిన పెద్ద పడవ వచ్చి చేపని తూచి తీసుకుని ఒక చీటీ ఇచ్చింది. బరువు ఉంది. ధర ఉండాల్సిన గడి ఖాళీ.

"ధర రాయలేదేం?" అని ఆయన్ని అడిగాను.

"చెప్పరు. సీజన్ చివర్లో చెప్తారు."

"ధర తెలీకుండా సరుకు ఇచ్చేశారా? సంతకం పెట్టి?"

"ముప్పై ఏళ్ళుగా."

"అడగాలి కదండీ."

"క్యానరీ ధర చెప్పదు, నువ్వు అడగడం ఆపవు," అన్నాడాయన. "మీ ఇద్దర్నీ ఒక గదిలో పెట్టాలి."

ఆమె నవ్వలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "చేప ఆగదు కదా," అంది. "మా పడవలో పెట్టుకుంటే రేపటికి కుళ్ళుతుంది. అందుకే నీ పెట్టెలు. వాటి ధర మాకు ముందే తెలుసు. ఇప్పుడు చెప్పు, ఉన్నాయా లేవా?"

నది పైన పట్టిన చేపని చూశాక చెప్తానన్నాను. అంతదాకా వచ్చి వెనక్కి తగ్గడం నా వల్ల కాలేదు.

ఆమె ఇంట్లో ఫ్రీజర్ తెరిచి, అడుగునుంచి ఒక చేపని తీసింది. కిందటి ఆగస్టులో నది పైన, సరస్సు దగ్గర వాళ్ళ బంధువులు పట్టింది. అది నేను చూసిన చేపేనంటే నమ్మలేదు. ఒళ్ళంతా ఎరుపు, తల ఆకుపచ్చ, ముక్కు వంకర. బజార్లో పెడితే మా ఊళ్ళో దీనికి వేలంపాట జరిగేది. ఇదే మన పులస, దాచిపెట్టి నాతో ఆటలాడారు అనుకున్నాను.

కోశాను. లోపల మాంసం పాలిపోయి, వేలితో నొక్కితే గుంట పడింది.

అయినా వండాను. రెండు గిన్నెలు. ఒకదానిలో ఆ ఎర్రచేప, ఒకదానిలో ఆ రోజు పట్టిన వెండిచేప. అదే చింతపండు, అదే కారం, పైన ఆవకాయ నూనె. బెండకాయలు ఆ ఊళ్ళో దొరకలేదు, అది నా తప్పు కాదు. ఎర్రచేప పులుసులో చెదిరిపోయింది. నోట్లో పెడితే తడిసిన అట్టముక్క. నా వంటలో ఏదో తేడా జరిగిందని అప్పటికప్పుడు మిగతా సగంతో మళ్ళీ వండాను. మళ్ళీ అంతే.

"నదిలోకి వచ్చాక అది ఏమీ తినదు," అంది ఆమె. "ఒంట్లో కొవ్వే దానికి దారిఖర్చు. పైకి చేరి గుడ్లు పెట్టేసరికి ఏమీ మిగలదు. అక్కడే చచ్చిపోతుంది. ఎండబెట్టుకోవడానికి పైవాళ్ళకి అదే నచ్చుతుంది, కొవ్వు లేదు కదా. అమ్మడానికి మాత్రం పనికిరాదు."

మన చేపకి నది ధర పెంచుతుంది. ఈ చేపకి నది ధర తీసేస్తుంది. అఖాతంలో ఉన్నప్పుడే, నది వాసన తగిలి ఇంకా ఎక్కకముందే, దాని ఒంట్లో ప్రయాణానికి సరిపడా అంతా నిండి ఉంటుంది. ఈ ఊరి బతుకంతా ఆ కొద్ది రోజుల మీద నడుస్తోంది. వెండిచేప గిన్నె ముందుకి లాక్కున్నాను. నేను తిన్న చేపల పులుసుల్లో అలాంటిది లేదు. మొదటి ముద్ద తిని, దారిఖర్చు తింటున్నామని తెలిసి, కాసేపు రెండో ముద్ద తినలేకపోయాను. తర్వాత ముగ్గురం గిన్నె ఖాళీ చేశాం.

చిక్కు అక్కడే వచ్చింది. సముద్రం చేప అయితే తిరిగి ఇచ్చేయమని అన్ని ఇళ్ళకీ నేనే రాశాను. పులస అని అలాగే పంపేస్తే ఎవరూ కనిపెట్టలేరు. కానీ విలసని పులస అని అమ్మినవాళ్ళని నేను జీవితాంతం తిట్టాను. తప్పు ఒప్పుకుంటే ఎన్ని పెట్టెలు మిగులుతాయో తెలీదు. పెట్టెలు పోతే పడవ పోతుంది.

"వారం టైమ్ ఇవ్వండి," అన్నాను ఆమెతో.

"పది రోజులు ఇస్తాను," అంది. "తర్వాత చేప ఉండదు."

ఇంటికి తిరిగొచ్చి, ఆ ఆదివారం చర్చి భోజనాల దగ్గర నేను లేచి నిలబడ్డాను. మా ఆవిడ పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. నేను రాసింది తప్పని చెప్పాను. నది ఎక్కిన చేప తినడానికి బాగోదని, పంపబోయేది సముద్రం అంచున పట్టిందని, వద్దనుకున్నవాళ్ళు పేరు తీసేయమని చెప్పాను. మంచె గురించీ, ఖాళీ గడి ఉన్న చీటీ గురించీ కూడా చెప్పాను. అనుకున్నదానికన్నా ఎక్కువసేపు మాట్లాడాను. పాస్టర్ గారు రెండుసార్లు గడియారం చూశారు.

పెద్దమనిషి నెమ్మదిగా అడిగారు. "అంటే పులస కాదన్నమాట."

"కాదండీ. విలసే."

బల్లల దగ్గర నవ్వారు. ఎనిమిదేళ్ళ కిందట నవ్వినవాళ్ళలో నలుగురు ఈసారి కూడా ఉన్నారు.

"నిజం చెప్పారు కాబట్టి నా రెండు పెట్టెలు ఉంచండి బ్రదర్," అన్నారాయన. "చేప వచ్చిందో లేదో తిని చెప్తాను." చేపే ఇంకా రాలేదన్న మాట ఆయనకీ గుర్తుందని అప్పుడు తెలిసింది. మా ఆవిడ తలెత్తి నా వైపు చూసింది.

అదే సంగతి ఫోన్‌లో రికార్డ్ చేసి మిగతా రెండు ఊళ్ళకీ పంపాను. నూట నలభైలో నూట పదకొండు నిలిచాయి. పేరు తీసేసినవాళ్ళు ఎవరో చెప్పను, కానీ తెలుసు. నూట పదకొండు చాలవేమో అని రాశాను. మర్నాడు ఆమె రాసింది: "ఒక ఏడాదికి చాలు."

పెట్టెలు ఆగస్టులో వచ్చాయి. ఒకదానిలో ఐస్ కరిగి ఉంటే రాశాను, ఆమె క్షమాపణ చెప్పలేదు. పెద్దమనిషి చేప గురించి ఇంతవరకూ ఏమీ అనలేదు, కానీ ఈ ఏడాది నాలుగు పెట్టెలకి పేరు ఇచ్చారు.

ఇప్పుడు మళ్ళీ జులై. నిన్న ఎప్పుడు వల వేస్తున్నారని ఆమెకి మెయిల్ పెట్టాను. "ఇంకా దిగలేదు. లెక్క అవలేదు," అని వచ్చింది. రెండో మెయిల్ పెట్టలేదు.